కప్పు ఇచ్చాక?

మా బాన్సువాడలో బతుకమ్మకో బోనాలకో గొంతెత్తి పాడే పిల్లలకు కొదవ లేదు. బడి వార్షికోత్సవంలో ఓ స్టీలు కప్పు చేతిలో పెడతాం, ఫొటో దిగుతాం. మర్నాటి నుంచి ఆ గొంతును పట్టించుకునేదెవరు?

1960ల మద్రాసులో ఇంజినీరింగ్ చదివే ఓ కుర్రాడు పాటల పోటీలో మొదటి బహుమతి కొట్టాడు. న్యాయనిర్ణేతల్లో ఒకరైన సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి మెచ్చుకుని ఊరుకోలేదు. వెంటబెట్టుకుని తిరిగి, 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమాలో తనే పాడించారు. ఆ కుర్రాడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, మన బాలు. తర్వాత తన రికార్డింగ్ థియేటర్‌కు గురువు పేరే పెట్టుకున్నారు. 1996లో మొదలైన టీవీ పాటల పోటీ 'పాడుతా తీయగా'లో బాలు మార్కులేసి పంపేస్తే సరిపోయేది. ఆయన మాత్రం ఎక్కడ శ్రుతి జారిందో, ఏ ఒత్తు నలిగిందో పాడి మరీ చూపించేవారు. నాకు ఆ కార్యక్రమంలో విజేతల పేర్లకన్నా ఆ దిద్దుబాట్లే ఎక్కువ గుర్తు.

నన్నడిగితే, మన బడిలోనూ షీల్డుల ఖర్చు సగం కోసి, వారానికోసారి నిజామాబాద్ నుంచి ఓ సంగీతం మాస్టారిని పిలిపించాలి. బస్సు చార్జీలు మనమే ఇద్దాం. హార్మోనియమా? భజన మందిరంలో ఉన్నది చాలు, ముందు దాని శ్రుతి సరిచేయిస్తే!