పదీ నలభైకి తాగే పాలు

మా పాప ఇక్కడ మూడో తరగతి చదువుతోంది. దాని బ్యాగులో లంచ్ బాక్సుతో పాటు రెండు చిన్న స్టీలు సీసాలుంటాయి. పోయిన పీటీఎంలో ఇద్దరు ముగ్గురు అమ్మలు “వాటిలో ఏమిటండీ?” అని అడిగారు. నిలబడి రెండు మాటల్లో చెప్పలేక “మందండీ” అని తప్పించుకున్నాను. పూర్తిగా చెబుదామని ఇప్పుడిలా రాస్తున్నాను.

పాపకు ఐదో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. రెండు రకాల మందులు వాడినా తగ్గలేదు. అప్పుడు డాక్టరు గారు కీటోజెనిక్ డైట్ పెడదామన్నారు. నాకు కోపం వచ్చింది. కొన్నేళ్ల క్రితం మన ఊళ్లలో ఎవర్ని చూసినా బరువు తగ్గడానికి కొబ్బరినూనె తాగినవాళ్లే కదా, ఆ గోల పిల్లకెందుకు అనుకున్నాను. అసలది పుట్టిందే ఫిట్స్ కోసమని ఆయన చెప్పారు. ఉపవాసం ఉంటే ఫిట్స్ తగ్గుతాయని పాతకాలం నుంచీ తెలుసట. కానీ పిల్లల్ని ఎన్నాళ్లు పస్తుంచుతాం? అన్నం, చక్కెర బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ పెడితే, పస్తున్నప్పటిలాగే లివర్ కీటోన్లు తయారుచేస్తుంది, మెదడు వాటిని ఇంధనంగా వాడుకుంటుంది. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టరు ఈ ఆలోచన చేశారు. 1971లో పీటర్ హట్టెన్‌లోచర్ అనే మరో డాక్టరు ఇందులోకి ఎంసీటీ నూనెను తెచ్చారు. మా పాప సీసాల్లో ఉన్నది ఆ నూనే, వెన్న తీసిన పాలలో బాగా గిలకొట్టి పోస్తాను.

“ఇంట్లో కొబ్బరినూనె ఉండగా ఇంత ఖరీదు పెట్టి కొనడమెందుకు?” అని మా అత్తయ్య అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ నూనెనూ ఎక్కువగా కొబ్బరి నుంచో పామ్ గింజ నుంచో తీస్తారు. కాకపోతే కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. లివర్ చకచకా కీటోన్లుగా మార్చే పొట్టి గొలుసుల కొవ్వులు అందులో సుమారు ఏడో వంతే. వాటిని విడిగా తీసినదే ఎంసీటీ. మామూలు నూనె పేగుల నుంచి చుట్టుదారిన రక్తంలోకి వెళ్తే, ఇది నేరుగా లివర్‌కు చేరుతుంది. అందుకే తాగిన కాసేపటికే కీటోన్లు లేస్తాయి, అంతే తొందరగా పడిపోతాయి కూడా.

మా ఇంట్లో గడియారం పెత్తనం మొదలైంది ఇక్కడే. ఉదయం టిఫిన్‌తో ఒకసారి, బడిలో స్నాక్స్ బ్రేక్‌లో ఒకసారి, లంచ్‌తో ఒకసారి, సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఇంకోసారి. ఆ చివరిది మానేస్తే తెల్లారేసరికి రీడింగ్ దిగిపోయి ఉంటుంది. మొదట్లో రోజంతటికీ కలిపి ఒక్క చెంచాతో మొదలుపెట్టి, డైటీషియన్ గారు చెప్పినట్టు కొద్దికొద్దిగా పెంచాం. ఒక్కసారిగా ఎక్కువిస్తే కడుపునొప్పి, విరేచనాలు. ఈ నూనెతో పూరీలు వేయించడం కుదరదు, తొందరగా పొగ వస్తుంది. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది కూడా, అందుకే ఆ స్టీలు సీసాలు.

ఇక నేను చేసిన తప్పు. పోయిన ఏడాది యాన్యువల్ డేలో పాపకు డాన్స్ ఉంది. స్టేజీ మీద ఫిట్స్ వస్తే ఎలా అని వారం ముందు నుంచీ నాకు నిద్ర లేదు. కీటోన్లు ఇంకాస్త పెంచితే మంచిదని నాకు నేనే తీర్మానించుకున్నాను. కెనడాలోని షెర్‌బ్రూక్‌లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మీద చేసిన ఒక పరిశోధన గురించి చదివాను. 2017 నాటిది. ఎంసీటీలోని ఒక రకం నూనెను భోజనం లేకుండా తాగినప్పుడు, టిఫిన్‌తో తాగినప్పటికన్నా కీటోన్లు ఎక్కువ వచ్చాయట. ఇంకేం, రిహార్సల్ రోజు పొద్దున్నే పాప చేత ఖాళీ కడుపున తాగించాను, అదీ టిఫిన్ వంతూ స్నాక్స్ వంతూ కలిపి. ఎనిమిదికి వేలు గుచ్చి చూస్తే 3.4. మామూలుగా ఆ వేళకు 1.8 ఉండేది. పరీక్ష పాసైనంత సంబరపడ్డాను.

బస్సులోనే కడుపు పట్టుకుందట. తొమ్మిదిన్నరకు వాంతి. ఆ తర్వాత ఏమీ తినలేదు, లంచ్ కూడా ముట్టుకోలేదు. ఒంటిగంటకు బడి నుంచి ఫోన్. నాలుగు నెలల తర్వాత మళ్లీ ఫిట్స్, వరండాలో. క్లాస్ టీచర్ గారు కంగారుపడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టనివ్వకుండా, టైము చూస్తూ కూర్చున్నారు. రెండు నిమిషాల్లో తగ్గింది. నేను వెళ్లి చూస్తే కీటోన్లు 0.9.

డైటీషియన్ గారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “ఆ పరిశోధన అబద్ధం కాదమ్మా, కానీ అది పెద్దవాళ్ల మీద చేసింది. మీ పాపకు కావాల్సింది ఒక గంట ఎత్తు కాదు, రోజంతా నిలకడ. తిండితో కలిపిస్తేనే కడుపు తట్టుకుంటుంది” అన్నారు. ఆ సాయంత్రమే పాత లెక్కకు వచ్చేశాం. యాన్యువల్ డే నాడు పాప డాన్స్ చేయలేదు, ముందు వరసలో కూర్చుని చూసింది. అడుగులన్నీ తనకు వచ్చు. కూర్చున్న చోటే కాళ్లు కదుపుతూనే ఉంది.

ఇది చదివి ఎవరైనా పిల్లల బరువు కోసమో, చదువులో చురుకుదనం కోసమో ఈ నూనె మొదలుపెడతారేమోనని నా భయం. దయచేసి వద్దు. కొవ్వును సరిగా వాడుకోలేని కొన్ని పుట్టుజబ్బులున్న పిల్లలకు ఈ డైట్ ప్రాణాపాయం, అందుకే మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలు చేయించారు. ఇప్పటికీ విటమిన్లు, కాల్షియం విడిగా ఇస్తూ, కిడ్నీలో రాళ్లు రాకుండా చూసుకుంటున్నాం. జ్వరం సిరప్‌లో చక్కెర ఉందేమోనని లేబుల్ చదివే ఇల్లు మాది. ఫిట్స్ ఉన్న పిల్లలందరికీ ఇది పనిచేస్తుందనీ చెప్పలేను. లండన్‌లో 145 మంది పిల్లలతో చేసి 2008లో ప్రచురించిన పరిశోధనలో, మూడు నెలలకు డైట్ తీసుకున్నవాళ్లలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. డైట్ లేనివాళ్లలో అది 6 శాతమే. అంటే ఎక్కువమందికి అంత గుణం కనిపించలేదన్నమాట. మా పాప ఆ అదృష్టవంతుల లెక్కలో ఉంది, ఇప్పటికైతే.

మీ పిల్లల పుట్టినరోజుకు చాక్లెట్లు పంచితే మా పాప తనదాన్ని ఇంటికి తెచ్చి తమ్ముడికిస్తుంది. పెన్సిలో స్టిక్కరో ఇచ్చిన రోజు మాత్రం ఇల్లంతా తిరిగి చూపిస్తుంది.

బడిలో స్నాక్స్ బ్రేక్ పదీ నలభైకి. మొదట్లో ఆయమ్మ గుర్తుచేసేది. ఈ ఏడాది ఆ పని పక్క బెంచీ అమ్మాయి తీసుకుంది. పాప తాగాక సీసా అందుకుని చెవి దగ్గర పెట్టి ఊపుతుందట. చప్పుడైతే తిరిగి చేతికిస్తుంది.