రాబర్ట్‌సన్‌పేటలో తింటూ తిరిగాం

కె.జి.ఎఫ్. (కోలారు గోల్డ్ ఫీల్డ్స్),
సంక్రాంతి ముందు ఆదివారం

ప్రియమైన చిన్నీ,

ఇక్కడ చలి గట్టిగానే ఉంది, అనపకాయలు విరగకాశాయి.

మన రాబర్ట్‌సన్‌పేటలో గైడు వెంట తింటూ తిరిగానంటే నమ్ముతావా? బెంగళూరు నుంచి మా చెల్లెలి కూతురు, దాని ఆఫీసు స్నేహితులు వచ్చారు. హైదరాబాదులో చార్మినార్ చుట్టూ ఇలా తిప్పి తినిపిస్తారు కదా, అలాంటిదే మన ఊళ్లోనూ కావాలన్నారు. ఆండర్సన్‌పేట కుర్రాడొకడు, గనిలో పనిచేసినాయన మనవడు, తిప్పడానికి ఒప్పుకున్నాడు.

వచ్చినవాళ్ల ధ్యాసంతా కె.జి.ఎఫ్. సినిమాలో చూసిన బంగారం మీదే. ఆ అబ్బాయి గని వ్యర్థాల సయనైడ్ దిబ్బల్ని దూరం నుంచే చూపించి, నేరుగా మార్కెట్ వీధుల్లోకి నడిపించాడు. "ముందు తినండి, ఇది ఎవరింటి వంటో తర్వాత చెప్తా" అన్నాడు. ఆ పద్ధతి నాకెంతో నచ్చింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టాక ఉత్తర ఆర్కాటు నుంచి, సేలం నుంచి, మన చిత్తూరు వైపు నుంచి కూలికొచ్చిన జనమే కదా ఈ ఊరు. పొద్దున ఇడ్లీ మీద వడకర్రీ పోసిచ్చిన చోట వాడు అడిగింది ఒకటే: "మీ తాతలు ఏ ఊరినుంచి వచ్చారు?" కొట్టాయన గరిటె పక్కన పెట్టి మరీ చెప్పాడు.

మధ్యాహ్నం మనవాళ్లింట్లో సంగటి, పితికిపప్పు. అనపగింజల్ని రాత్రే నానేసి ఉంచారు. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో ఉండిపోతుంది, పప్పు గిన్నెలోకి దూకుతుంది. బెంగళూరు పిల్లలు కూడా కూర్చుని పితికారు. సగం గింజలు గోడకు తగిలాయి! కొబ్బరి, ధనియాలు నూరి వేసిన ఆ పులుసులో సంగటి ముద్ద ముంచి, నమలకుండా మింగాలని వాళ్లకు నేర్పేసరికి పొద్దు వాలింది.

ఆంగ్లో ఇండియన్ల బాల్ కర్రీ, పసుపు కొబ్బరన్నం కూడా రుచి చూపించాడా అబ్బాయి. ఆ కుటుంబాలు ఇక్కడ కొన్నే మిగిలాయి. అయినా ఆ వంటలకు భయం లేదు. ఇక్కడే పుట్టిన బ్రిడ్జెట్ వైట్-కుమార్ వాటిని పుస్తకాల్లో పెట్టింది. మన గని కూలీల లైన్ల ఇళ్ల వంటలకూ అలాంటి పుస్తకం రావాలి చిన్నీ. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడ్డాక ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో నీకు తెలుసు, మీదీ అందులో ఒకటి. ఉన్నవాళ్లలో చాలామంది చీకటితోనే బెంగళూరు రైలెక్కుతున్నారు. పప్పు పితికే తీరిక ఎవరికుంది?

ముళబాగిలు దోసె ఇంకోసారికి వాయిదా వేశాం. వాళ్లను సాగనంపుతూ వెళ్లి బంగారపేటలో దిగి పానీపూరీ తిన్నాం. నీళ్లు ఇప్పటికీ అలాగే, కుళాయి నీళ్లంత తేటగా ఉంటాయి. మంచినీళ్లే కదా అని ఒకమ్మాయి గుక్కెడు తాగేసింది. పాపం, పచ్చిమిరప ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఇంకో ప్లేటు అడిగింది.

మమ్మల్ని తిప్పిన ఆ అబ్బాయి నన్నొకటి అడిగాడు, నేను చెప్పలేకపోయాను. మూడు కిలోమీటర్ల లోతున, ఆ ఉక్కలో, గనిలోవాళ్లు ఏం తినేవాళ్లని. వాళ్ల తాత చెప్పకుండానే పోయాడట. మీ నాన్నగారు చాంపియన్ రీఫ్ గనిలో దిగేవారు కదా. పొద్దున షిఫ్టుకు మీ అమ్మ క్యారియర్‌లో ఏం సర్దేదో, రాత్రి షిఫ్టుకు ఏం మార్చేదో అమ్మనే అడిగి, కొలతలతో సహా రాసి పంపు. వచ్చే నెల వాడు మళ్లీ జనాన్ని తిప్పుతాడట, ఆలోపే అందేలా చూడు.

నీ
పద్మ