బ్రాసరీ

పారిసు నగరమున నివసించు మా కుమార్తెను జూడబోయినపుడు, ఒకనాటి సాయంకాలము ఆమె మమ్ము “బ్రాసరీ”కి దీసికొనిపోదుననెను. మేము నిఘంటువు దెఱచి చూడగా “బీరు తయారుచేయు స్థలము” అని యుండెను. “కల్లుపాకకా మమ్ము రమ్మనుచున్నావు?” అని నొచ్చుకొంటిమి. ఆమె నవ్వి, “ఒక్కసారి వచ్చి చూడమ్మా!” అనెను.

పోయి చూచితిమి. నిలువుటద్దములు, ఇత్తడి కమ్ములు, తెల్లని గుడ్డలు పఱచిన బల్లలు. వృద్ధులును, బిడ్డలతో వచ్చిన తల్లులును తీరికగా భుజించుచుండిరి. అచ్చటి భోజనశాలలు పెక్కు నియమిత వేళలందే వడ్డించును. బ్రాసరీలో మధ్యాహ్నము మొదలు రాత్రి ప్రొద్దుపోవు వఱకు భోజనము దొరకుట వాడుక.

నిఘంటువు చెప్పినదియు నబద్ధము గాదు. ఫ్రెంచి భాషలో “బ్రాసే” యనగా, మొలకెత్తించిన యవల పిండిని వేడినీట గలియబెట్టి బీరు చేయుట. ఆ పని జరుగు చోటు బ్రాసరీ. బీరు త్రాగ వచ్చినవారికి దినుటకును బెట్టుచుండగా, క్రమముగా భోజనశాలకే యా పేరు నిలిచినది.

ఈ మార్పున ఆల్సాసు సీమవారి పాలు గొప్పది. 1864లోనే ఆ సీమవాడైన ఫ్రెడెరిక్ బోఫింజే పారిసులో బాస్టీలు చెంత నొక బ్రాసరీ స్థాపించెను. పిదప 1870లో యుద్ధము వచ్చెను. 1871 నాటి ఫ్రాంక్‌ఫర్టు సంధిచే ఆల్సాసు జర్మనీ పాలయ్యెను. ఫ్రెంచివారుగానే యుండగోరి, వేలకొలది జనులు పుట్టిన యిండ్లు విడిచి వచ్చిరి. అట్లు వచ్చిన లేయోనార్ లిప్ 1880లో సాంజెర్మేన్ వీధిని బ్రాసరీ తెఱచి, దానికి “రైను తీరముల బ్రాసరీ” యని పేరిడెను. ఊరు పోయినను ఏటి పేరు వెంట దెచ్చుకొనెను.

వారి వంటయు వెంట వచ్చెను. క్యాబేజీని సన్నగా దఱిగి, ఉప్పు వేసి యదిమి, వారములకొలది పులియనిచ్చి వండు “షూక్రూట్” నేటికిని బ్రాసరీలందు ముఖ్య భక్ష్యము. దానిని నోట నుంచుకొనగనే మాకు మా యత్తగారు జ్ఞప్తికి వచ్చిరి. 1981లో శ్రీశైలము జలాశయమున మా యూరు మునుగునపుడు, ఆమె బండిలో మొట్టమొదట నెక్కించినది ఆవకాయ జాడీ. “మంచములు, బీరువాలు విడిచి యీ జాడీ యేల?” అని మేము విసుగుకొంటిమి. ఆమె మాఱుపలుకక, త్రోవ పొడుగునను దానిని ఒడిలో బెట్టుకొని కూర్చుండెను.

ఆమె యిపుడు లేరు. ఆ విసుగునకు ఇన్నేండ్లకు పరదేశమున సిగ్గుపడితిమి.

“ఏమమ్మా, రుచించలేదా?” అని అమ్మాయి యడిగెను.

“మీ యవ్వ యుండిన, దీనిలో నుప్పు సరిపోయినదో లేదో చెప్పియుండును” అంటిమి.

సోదరీమణులారా, ఊరు విడువవలసినవారు మొదట నేది చేతబట్టుకొందురో చూడుడు. దానిని జూచి నవ్వకుడు.