చెక్కా? తివాచీయా?

మనకి నేలంటే నడవడానికొక్కటేనా? కూర్చోవాలి, కూరలు తరగాలి, పిల్లలు పొర్లాడాలి. అందుకే డాలస్‌లో ఇల్లు కొన్న మా చెల్లెలు చెక్క నేలా, కార్పెట్టా తేల్చుకోలేక తల పట్టుకుంది.

మరిదికి కార్పెట్టే ఇష్టం. మెత్తగా, వెచ్చగా ఉంటుందట. కానీ పిల్లవాడికి ఉబ్బసం. ఆ పోగుల్లో దాక్కున్న దుమ్ము ఓ పట్టాన వదలదు. పసుపు మరకైతే సరేసరి! చెక్కయితే తుడిస్తే చాలు. గీతలు పడితే పైపైన అరగదీసి మళ్ళీ పాలిష్ పట్టించుకోవచ్చు. కాకపోతే నీళ్ళు నిలిస్తే ఉబ్బుతుంది, మేజోళ్ళతో నడిస్తే జారుతుంది. డెబ్బై దాటిన మా అమ్మ ఏటా వేసవికి వెళ్ళేది అక్కడికే మరి!

"హాలుకీ, పిల్లవాడి గదికీ చెక్క, మెట్లకీ, అమ్మ గదికీ కార్పెట్ వేయించవే" అన్నాను.

"రెండు రకాలేమిటక్కా? చూసినవాళ్ళు నవ్వరూ?"

నవ్వితే నవ్వనీ! చూసినవాళ్ళు గంట కూర్చుని వెళ్ళిపోతారు. ఆయాసపడేదీ, కాలు జారేదీ మనవాళ్ళేగా?