స్వయంపాకం

సంస్కృతంలో ‘స్వయం’ అవ్యయం. దానికి లింగం లేదు, వచనం లేదు, విభక్తి లేదు. ముప్పైనాలుగేళ్లు పిల్లలకు ఈ ముక్క చెప్పాను. లింగం లేని ఆ మాట మా యింట్లో మాత్రం స్త్రీలింగంగానే చెలామణీ అవుతున్నదని తెలుసుకోవడానికి నేను మదరాసు దాకా పోవలసివచ్చింది.

2019 డిసెంబరు మూడోవారంలో నేనూ మా ఆవిడా నాలుగు రోజులు మైలాపూరులో ఉండివచ్చాము. మనకు ధనుర్మాసం, తమిళులకు మార్గళి. తెల్లవారుఝామున కపాలీశ్వరుని కోవెల చుట్టూ మాడవీధుల్లో భజనలు, ముంగిళ్లలో ముగ్గులు, పగలంతా సభల్లో కచేరీలు. ఆ వైభవం ఒక్కసారి చూడాలని పెళ్లయిన కొత్తలో అడిగింది ఆవిడ. పిల్లల చదువులు, నా బదిలీలు, మా అమ్మ మంచం పట్టడం, ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ కోరికను నలభైయేళ్లు వెనక్కు నెట్టాయి.

నాకు హోటలు తిండి పడదు. పడనివ్వలేదంటే ఇంకా నిజం. మా నాయనగారు పరీక్షల పనిమీద ఊళ్లు తిరిగేటప్పుడు బియ్యం, కందిపప్పు, ఒక ఇత్తడి గిన్నె మూటగట్టుకొని పోయి సత్రం పెరట్లో మూడు రాళ్లు పెట్టి వండుకొని తినేవారు. ఆ నియమానికి నేను వారసుణ్ణని నా నమ్మకం. అందుచేత మా అమ్మాయి ఫోనులో వెతికి, వంటగది ఉన్న సర్వీసు అపార్టుమెంటు ఒకటి రోజుకు 2,800 రూపాయలకు మాట్లాడింది. “అచ్చంగా స్వయంపాకం నాన్నా!” అన్నది. సత్రం పోయి అపార్టుమెంటు వచ్చినా మాట నిలిచిందని నేను పొంగిపోయాను.

రైల్లో ఆవిడకు ఏనుగుల వీరాస్వామయ్యగారి సంగతి చెప్పాను. మదరాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉండి, 1830 మే 18న బయలుదేరి, కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చినవారు. దారి పొడుగునా ఏ మజిలీలో ఏ వస్తువు దొరుకుతుందో, నీళ్లెలా ఉంటాయో రాసిపెట్టినవారు. ఆవిడ శ్రద్ధగా విని, “అంత దూరం ఆయనకు వండిపెట్టినవాళ్లెవరు?” అని అడిగింది. పెద్ద పరివారంతో వెళ్లారని చెప్పాను. “ఓహో” అన్నది. ఆ ఓహోను నేను పట్టించుకోలేదు.

అపార్టుమెంటు శుభ్రంగానే ఉన్నది. వంటగదిలో ఒక ఇండక్షను పొయ్యి, రెండు నాన్‌స్టిక్ మూకుళ్లు, నాలుగు పింగాణీ పళ్లేలు, కాళ్లున్న గాజుగ్లాసులు ఆరు (ఎవరికో ఏమో), ఒక చాకు. గరిటె లేదు, పోపుగిన్నె లేదు. మా ఆవిడ ఇంటినుంచి కుక్కరు, బియ్యం, పప్పు, చారుపొడి, చింతపండు, రెండు సీసాల పచ్చళ్లు, కాఫీ ఫిల్టరు అన్నీ తెచ్చింది. కుక్కరు పొయ్యిమీద పెట్టగానే పొయ్యి కీచుమని అరిచి ఊరుకున్నది. నాలుగుసార్లు పెట్టాము, నాలుగుసార్లూ అదే అరుపు. ఆ పొయ్యిలో నిప్పుండదు. లోపలి తీగచుట్ట అయస్కాంతక్షేత్రాన్ని పుట్టిస్తుంది, దానికి గిన్నె అడుగే వేడెక్కాలి. అయస్కాంతం అంటుకొనే అడుగైతేనే పని జరుగుతుంది. మాది అల్యూమినియం కుక్కరు. రాత్రి ఎనిమిదింటికి ఉత్తరమాడవీధికి పరుగెత్తి, పాత్రల దుకాణంలో అడుగు చూపించమని సైగలు చేసి, 640 రూపాయలు పోసి ఒక స్టీలు గిన్నె తెచ్చాను. ఆవిడ అందులో అన్నం వార్చి, చారు కాచి, తొమ్మిదిన్నరకు వడ్డించింది. చారు అమృతంలా ఉన్నదన్నాను.

మరునాడు పొద్దున్నే నేను లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కుకు నడకకు వెళ్లాను. అమృతాంజనం అమ్మిన డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కు అది. తిరిగివచ్చేసరికి ఉప్మా సిద్ధం. పదింటికి రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములుగారి స్మారకభవనానికి వెళ్లాను. 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ఆయన కన్నుమూసిన ఇల్లు. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంటికి వచ్చేసరికి వంకాయకూర, ముద్దపప్పు. తింటూ ఆ ఇంటి సంగతంతా చెప్పాను. సాయంత్రం కచేరీకి ఆవిడను తొందరపెట్టాను గాని, గిన్నెలు తోమి, రాత్రికి పప్పు నానబెట్టి ఆవిడ బయలుదేరేటప్పటికి ఆలస్యమైంది. వర్ణం అయిపోయింది, రెండో కీర్తన సగంలో ఉన్నది. సభ వెనుక క్యాంటీనులో జనం అరిటాకుల ముందు కూర్చొని తింటున్నారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి చూసింది. నేను ముందుకు నడిచాను.

రాత్రి మజ్జిగ పోస్తూ ఆవిడ మామూలు గొంతుతోనే అన్నది: “మీరు మదరాసు చూశారు. నేను పొయ్యి చూశాను. మన పొయ్యే నయం, అరవదు.”

కోపం లేదు ఆ మాటలో. ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పి ఉండేవాణ్ణి. పడుకున్నాక నాయనగారి మూడు రాళ్లు గుర్తుకొచ్చాయి. ఆయన తానే ఊది, తానే వండి, తానే కడుక్కొన్నారు. నియమంలో తినే భాగం మట్టుకు నేను వారసత్వంగా పుచ్చుకొని, మిగిలినది ఆవిడకు ఇచ్చాను. హోటలు తినననే ఈ గొప్ప వెల ఎవరు చెల్లిస్తున్నారో నలభైయేళ్లలో ఒక్కనాడూ లెక్క చూడలేదు.

మూడోనాడు అయిదింటికే లేచి, “ముగ్గులు చూసి రా, ఫలహారం నేను చేస్తాను” అన్నాను. ఆవిడ నా నుదురు మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమోనని. తరువాత శాలువా కప్పుకొని వెళ్లింది.

రవ్వకు నీళ్లెన్ని పోయాలి? ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. చందస్సులో గణాలు నిద్రలోనైనా విభజించగలను. గ్లాసుడు రవ్వకు ఎన్ని గ్లాసుల నీళ్లో అరవైయారేళ్ల వయసులో నాకు తెలియదు. మూడు పోశాను. పోపు మాడింది, ఉల్లిపాయలు కోస్తుంటే వేలు తెగింది, రవ్వ ఉండలు కట్టింది. ఆ ఉండలను గరిటె లేక పింగాణీ పళ్లెం అంచుతో చిదిపాను.

ఏడున్నరకు ఆవిడ వచ్చింది. ముఖం వెలిగిపోతున్నది. భజన గోష్ఠి వెంట నాలుగు వీధులూ తిరిగిందట. ఫోను సంచీలోనే ఉన్నదట. ఒక ముంగిట పేడముద్దల మీద గుమ్మడిపూలు గుచ్చారట, అచ్చం మన గొబ్బెమ్మల్లా. ఆ ఇల్లాలు తమిళంలో ఏదో అడిగిందట, ఈవిడ తెలుగులో ఏదో చెప్పిందట, ఇద్దరూ నవ్వుకొన్నారట. చెబుతూనే ఉప్మా పళ్లెం దగ్గరకు లాక్కొని తిన్నది. బాగుందనలేదు. బాగులేదనీ అనలేదు. నా వేలు చూసి మాత్రం సంచీలోంచి పసుపు తీసింది.

“మధ్యాహ్నం ఆ క్యాంటీనులో తిందాం” అన్నాను.

“మీరు తింటారా?” అన్నది.

తిన్నాను. కీరవడ రెండోసారి అడిగి మరీ వేయించుకొన్నాను. ఆ పూట కచేరీకి వర్ణం ముందే చేరాము. విరామంలో ఆవిడ, “రేపు పొద్దున కూడా వెళతాను. రెండు గ్లాసులన్నర చాలు” అన్నది.