తిరగని రాడారు

మా అన్న నేవీలో చేరిననాటి నుంచీ మా అవ్వకు ఒకటే దిగులు. "నట్టనడి సంద్రంలో వానికి కాపలా ఎవురురా?" అంటుంది. ఫిజిక్సు విద్యార్థినన్న ధీమాతో "రాడారుంది లేవ్వా, గిర్రున తిరుగుతూ చూస్తాంటుంది" అన్నాను. సెలవుకొచ్చిన అన్న నవ్వాడు. "దూరం చూసేది తిరుగుతుందిరా. మీదికొచ్చే క్షిపణిని పట్టేది తిరగదు. నాలుగు దిక్కులా నాలుగు పలకలు, అంతే." అంతకుమించి చెప్పలేదు. నేవీవాళ్ళు చెప్పరు కాబోలు.

తిరగకుండా ఎలా చూస్తుంది? జవాబు చిత్తూరు దారిలో గాదంకి వద్ద దొరికింది. అక్కడి ఎం.ఎస్.టి. రాడారు 1990ల తొలి ఏళ్ళనుంచీ ఆకాశంలోని గాలుల్ని కొలుస్తోంది. చుట్టూ కొండలు, నడుమ 130 మీటర్ల చదరంలో ఏంటెనాల తోట. వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1024! ఒక్కటీ కదలదు. కదిలేది కిరణమే.

కోనేటి మెట్లమీద పిల్లలు వరుసగా నిలబడి ఒకేసారి రాళ్ళు వేస్తే అల తిన్నగా పోతుంది. ఈ చివరినుంచి ఆ చివరకు ఒకరి తర్వాత ఒకరు వేస్తే ఏటవాలుగా పోతుంది. ఏంటెనాలకూ అంతే. ఒక్కొక్కదానికీ అందే తరంగం దశను కాస్త కాస్త మార్చితే కిరణం మనం కోరిన వైపు ఒరుగుతుంది. మన గాదంకి తరంగం ఐదున్నర మీటర్ల పైచిలుకు పొడవు, అందుకే ఇంత పొలం కావలసివచ్చింది. 2014లో నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా మీది రాడారు తరంగం సుమారు పది సెంటీమీటర్లే. పొలమంతా పలకలోకి ముడుచుకుపోయింది!

ఇంత హడావుడి దేనికంటారా? 1982 మే 4న ఫాక్‌లండ్స్ యుద్ధంలో నీళ్ళనంటుకుని వచ్చిన ఎక్సోసెట్ క్షిపణి బ్రిటిష్ ఓడ షెఫీల్డును కొట్టింది. 20 మంది పోయారు. ఆ క్షిపణి సెకనుకు సుమారు 300 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లకొక చుట్టు తిరిగే రాడారు మళ్ళీ అటు మొహం తిప్పేసరికి అది కిలోమీటరు పైగా దగ్గరికొచ్చేస్తుంది. పలక రాడారు కిరణమైతే రెప్పపాటు కన్నా తక్కువలో మళ్ళీ అక్కడికే వెళ్ళి చూడగలదు.

కానీ ఎంత గొప్పదైనా ఇలాంటి పలక రాడారు భూమి వంపు అవతలికి చూడలేదు. 20 మీటర్ల ఎత్తు పలకకు, అలలపై ఐదు మీటర్ల ఎత్తున వచ్చే క్షిపణి 27, 28 కిలోమీటర్ల లోపలే అగుపిస్తుంది. లెక్క వేశాను. తొంభై సెకన్లు.

ఇంటికొచ్చి కోనేరు కథ చెబితే అవ్వ తల ఊపింది. తొంభై సెకన్ల సంగతి దాచుదామనుకుంటూనే నోరు జారాను.

"తొంబై అంటే ఎంత సేపు?"

"లెక్కపెడతా ఉండవ్వా."

అవ్వ కొంగు ముడి పట్టుకుని కూర్చుంది. అరవై దాటాక "చాల్లే, ఆపు" అంది. కాసేపాగి, "వానికి జాబు రాయి, రాత్రిపూట మేలుకొని ఉండమను" అంది.