ఏడో తరగతి అల్మారా

15 జూన్ 2024, శనివారం

కేంద్ర సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం ఈసారి తెలుగులో పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి ‘మాయాలోకం’కు వచ్చింది. పిల్లల నవలకు ఇచ్చారని తెలిసి సంబరమైంది. పుస్తకం తెప్పించాలి.

మా మెట్‌పల్లి వైపుకు ఈ పురస్కారం కొత్త కాదు. 2017లో మెట్‌పల్లి పక్కనున్న చౌలమద్ది వాసాల నర్సయ్య గారికి వచ్చింది. 2022లో సిరిసిల్ల బిడ్డ పత్తిపాక మోహన్ గారి ‘బాలల తాత బాపూజీ’కి వచ్చింది. పిల్లల కోసం పాట కట్టేవాళ్లకు, చిన్న కథ చెప్పేవాళ్లకు ఈ నేలలో కొదవ లేదు.

బడి తెరిచాక లైబ్రరీ అల్మారా సర్దాను. గేయాలున్నాయి, నీతికథలున్నాయి, మహనీయుల జీవితాలున్నాయి. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు అన్నం మరిచి చదివేంత పొడుగాటి వింత కథ మాత్రం ఒక్కటీ లేదు. బొమ్మల పుస్తకం వాళ్లకు చిన్నదైపోయింది, పెద్దల నవల ఇంకా అందదు. చదివే అలవాటు నిలిచేదీ, జారిపోయేదీ సరిగ్గా ఈ వయసులోనే.

20 జూన్, గురువారం

పాత చందమామల నుంచి జిరాక్సు తీయించిన ‘తోకచుక్క’ను చివరి పీరియడ్‌లో చదవడం మొదలుపెట్టాను. 1954లో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియల్. అచ్చులో ఆయన పేరు ఉండేది కాదు. సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు మాత్రం ఇంటింటికీ తెలుసు. చిత్రా గారి బొమ్మలు చూస్తేనే సగం కథ అర్థమయ్యేది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా ఆ పత్రిక వాక్యాన్ని కాచుకున్నారు. అందుకే డెబ్బై ఏండ్ల తర్వాత కూడా ఏడో తరగతి పిల్లలకు ఎక్కడా అడ్డం పడలేదు.

వెనక బెంచీ పిలగాడు ఒకడు లేచి అడిగాడు: “మంత్రం వచ్చినోడు అన్నీ మంత్రంతోటే ఎందుకు చెయ్యడు సార్?”

వాడు కథ గుట్టు పట్టుకున్నాడు. మాయకూ హద్దు ఉండాలి, లెక్క ఉండాలి. ఆ లెక్క తప్పితే పిల్లలు ఒప్పుకోరు. అభూత కల్పనలు చదివితే పిల్లలు చెడిపోతారని అనేవాళ్లు ఆ ప్రశ్న వినాల్సింది. సైన్సు పాఠం అడగమనేదీ అదే కదా: ఇది ఎప్పుడు జరుగుతుంది, ఎప్పుడు జరగదు?

30 జూన్, ఆదివారం

మాడలిన్ లెంగిల్ అనే అమెరికా రచయిత్రి పిల్లల నవల ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ 1962లో వెలువడింది. చాలామంది ప్రచురణకర్తలు వద్దన్న పుస్తకం అది. మరుసటి ఏడాదే, పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ మెడల్ వచ్చింది. వారమంతా దాన్ని తెలుగులో కథగా చెప్పాను. మెగ్ అనే అమ్మాయి. తండ్రి సైంటిస్టు, ప్రభుత్వ పని మీద పోయి కనబడకుండా పోయాడు. తమ్ముణ్ని, స్నేహితుణ్ని వెంటబెట్టుకొని ఆమె వేరే గ్రహానికి పోయి తండ్రిని వెతుక్కుంటుంది. అంత దూరం ఎట్లా పోతారంటే, స్థలాన్నీ కాలాన్నీ మడత పెట్టి.

ఆ మడత దగ్గర క్లాసు ఆగిపోయింది. మరునాడు ఒక అమ్మాయి తునికాకు తెచ్చింది. వాళ్లమ్మ బీడీలు చేస్తుంది. నీళ్లలో తడిపి, కత్తెరతో కొలతకు కోసిన ఆకు అది. ఒక కొసన పెన్నుతో చుక్క పెట్టి, ఇక్కడ చీమ ఉంది అన్నది. ఇంకో కొసన చుక్క పెట్టి దుబాయి అన్నది. ఆకు మడిచి రెండు చుక్కలూ కలిపి చూపింది. తడి ఆకు కాబట్టి చిరగలేదు. నేను బోర్డు మీద గీసిన బొమ్మకంటే అదే అందరికీ బాగా తెలిసింది.

తర్వాత ఆ అమ్మాయే అడిగింది: “విమానంల నాలుగు గంటలేనట సార్. మరి మా బాపు రెండేండ్లకోసారి ఎందుకొస్తడు?”

క్లాసులో చాలామంది తండ్రులు గల్ఫ్‌లోనే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. వీసా, కంపెనీ, అప్పు, సెలవు అని నాకు తెలిసినంత చెప్పాను. నాలుగు గంటల దారి రెండేండ్లు ఎట్లా అవుతుందో మన పిల్లలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నారు. దూరం, కాలం గురించిన కథ వాళ్లకు పరాయిది ఎందుకవుతుంది?

13 జూలై, శనివారం

మీరే రాయండి అన్నాను. రాజులు, రాకుమార్తెలు వద్దు, కథ మెట్‌పల్లిలోనే మొదలుకావాలి, ఇవే షరతులు. సెలవు రోజు కూర్చొని అన్నీ చదివాను.

ఒక పిలగాడి కథలో, 2015లో మూతపడ్డ ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీని మరమనుషులు రాత్రిపూట నడిపిస్తారు. చెరకు మాత్రం రైతులను అడిగే తీసుకుంటారు.

తునికాకు తెచ్చిన అమ్మాయి రైలు కథ రాసింది. మెట్‌పల్లి స్టేషన్ నుంచి అర్ధరాత్రి బయలుదేరి సముద్రం కింద నుంచి గల్ఫ్‌కు పోయే రైలు. టికెట్‌కు పైసలు తీసుకోరు. ఎక్కేవాళ్లు ఒక జ్ఞాపకం ఇచ్చి పోవాలి. ఆ షరతు ఎందుకు పెట్టావంటే, “అందుకే పోయినోళ్లు ఫోన్ల తక్కువ మాట్లాడుతరు సార్” అన్నది. మాయకు వెల కట్టడం నేను చెప్పలేదు. తానే కనిపెట్టింది.

27 జూలై, శనివారం

హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. ఈసారి లైబ్రరీ డబ్బుల్లో సగం పిల్లల నవలలకే పెడదామంటే ఒప్పుకున్నారు. అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా, ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ కలిసి పిల్లల నవలలకు పోటీలు పెట్టి పుస్తకాలు వేస్తున్నారు. వాటితో జాబితా మొదలుపెట్టాను. ఇంకా ఎన్నో రావాలి. నూట యాభై పుటల లోపు, అక్షరం కాస్త పెద్దగా, ప్రతి అధ్యాయానికీ ఒక బొమ్మతో, చేతికందే ధరలో రావాలి. వాటిలో మన కాకతీయ కాలువ ఉండాలి, పసుపు మార్కెట్ ఉండాలి, “బాపు” అని పిలిచే అమ్మాయి నాయకురాలు కావాలి. మన దగ్గర రాసేవాళ్లు ఉన్నారని 2017, 2022 పురస్కారాలు ఎప్పుడో చెప్పాయి. వాళ్లు ఇక పొడుగు కథకు పూనుకోవాలి. మా ఏడో తరగతి చదవడానికి సిద్ధంగా ఉంది.